నియాంగ్ పోసిన పిడికెడు

అక్కా, దేవుని దయవల్ల అందరం బాగున్నాం.

బర్మాలో ఇల్లు తగలబెడితే పిల్లలతో పారిపోయి వచ్చిన నియాంగ్ ఇంకా మా చర్చి గదిలోనే ఉంది. ఆమెను ఇక్కడ ఉండనివ్వమని ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోయాను. రేపు మళ్లీ పోవాలి. సంఘంలోనూ సణుగుడే. "మన ఆడోళ్లు వండేముందు దేవునికని తీసిపెట్టిన పిడికెడు బియ్యం, అయ్యగారూ. అట్ల వీళ్లకు పంచేస్తే ఎట్ల?" అన్నాడు సంఘపెద్ద జాకబ్ మామ.

మొన్న ఆదివారం కానుకలప్పుడు నియాంగ్ చిన్న సంచి తెచ్చి బియ్యం డబ్బాలో పోసింది. మేమిచ్చిన బియ్యంలోంచే పూటకో పిడికెడు తీసిపెట్టిందట. వాళ్ల ఊళ్లోనూ ఇదే అలవాటట. ఆ సాయంత్రం మామే ఆమె గదికి బియ్యం మోసుకెళ్లాడు.

బావ నడుము నొప్పి తగ్గిందా? మీ ఫెబీ పాత గౌన్లుంటే నియాంగ్ పిల్లలకు దొనకొండ నుంచి వచ్చేవాళ్లతో పంపు. ప్రభువు మీకు తోడుండును గాక. బియ్యం పంపితే కాస్త ఎక్కువే పంపక్కా. అందులోంచీ ఆమె పిడికెడు దేవునికని తీస్తుంది.

తమ్ముడు ఎజ్రా, మార్కాపురం