బ్రష్ తుడిచిన చోటు

చిన్నదాని అమ్మకు, నేను కులాసాగానే ఉన్నాను, బుర్రే పనిచేయడం లేదు.

ఇక్కడ హాలంతా ఓక్ చెక్క నేల. ఏ రంగు కావాలో చూసుకొమ్మని ఆరు రంగులు ఆరు చోట్ల పూసి చూపించాను. ఇంటాయన ముదురుదంటాడు, ఇంటావిడ లేతదంటుంది. పొద్దున నచ్చింది సాయంత్రానికి నచ్చదు. నిన్న ఎట్టకేలకు ఇద్దరూ ఒక్క మాట మీదికొచ్చి కిటికీ కింద మరకను చూపించారు. "ఇదే మేస్త్రీ, హాలంతా ఇదే వేసెయ్!"

తీరా చూస్తే అది నేను అప్పుడే బ్రష్ తుడిచిన చోటు. అందులో ఏమేం కలిశాయో, ఒట్టు, నాకే తెలియదు. తలూపేశాను.

తడి ఆరకముందే ఈ కార్డు మూలను దానిమీద అద్దాను. మనింట్లో రంగులు కలిపేది నువ్వే కదా, ఏది ఎంత కలపాలో వెంటనే రాయి. చెక్క మీద ఇంకాస్త ఎర్రగా ఉంది.

చిన్నదానికి దగ్గు తగ్గిందా? పెరటి తలుపు గొళ్ళెం బిగించావా? అమ్మకు నా దండాలు.

ఈ పని ఎవరి దగ్గర నేర్చావని ఇంటావిడ అడిగితే, మా ఆవిడ దగ్గరని చెప్పాను. వేళాకోళమనుకుని నవ్వింది. నీ జవాబు రానీ, ఆమెకే చూపిస్తాను.