పడవల పేజీ మీద నడిచే అక్షరాలు

సెయింట్ జాన్,
మంగళవారం

ప్రియమైన థెల్మక్కా,

నీ కళ్ల కోసం లావుపాటి నల్ల మార్కరుతో, వేలెడు ఎత్తు అక్షరాలతో రాస్తున్నాను. కాగితాల దొంతర చూసి తిట్టకు. ఇవాళ నాకు పట్టరాని సంతోషంగా ఉంది. నీ మాజీ మొగుడు దీవి పడవల వెబ్‌సైటుకు పట్టించిన దరిద్రాన్ని వదిలించాను.

చలికాలం మొదట్లో పడవల సంఘం పెద్దననే దర్జాతో ఎల్డన్ ఫోన్ చేశాడు. "ఏవిస్, ఆ రోజు పడవ ఉందో లేదో పేజీ పైన అక్షరాలు నడుస్తూ చెప్పాలి. టీవీలో వార్తల కింద పోతాయే, అట్లా" అన్నాడు. పదేళ్లుగా వెబ్‌సైట్లు కట్టి బతుకుతున్న నాకు, ఈమెయిల్ పంపడం రాని మనిషి పని నేర్పుతున్నాడు! "అయ్యా మహానుభావా, నెమ్మదిగా చదివేవాళ్లకు మాట సగంలోనే జారిపోతుంది. కొందరికి తల తిరుగుతుంది. చూపు లేనివాళ్లకు చదివిపెట్టే యంత్రం ఆ ఒక్క ముక్కనే జపం చేస్తుంది. కనీసం ఆపుకునే బొత్తామైనా పెట్టనియ్యి" అన్నాను. "ఆపేదానికి నడపడం ఎందుకూ?" అని నవ్వాడు. ఆ నవ్వు నీకు తెలుసుగా, గుర్రం సకిలించినట్టు.

పోనీ అక్కడితో వదిలాడా! పెట్టాక వారం వారం ఫోను. "ఇంకా నెమ్మదిగా పోనీ." "అక్షరాలు ఇంకా పెద్దవి చెయ్యి." "నలుపు మీద పసుపు పెట్టు." కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఆ ఒక్క వరసతో చలికాలమంతా ఆడుకున్నాడు. డబ్బిచ్చేది సంఘం కాబట్టి పళ్లు బిగబట్టుకుని అన్నీ చేశాను.

నిజం చెప్పనా అక్కా? నీతో అంతకాలం కాపురం చేసి, నీ కళ్లెట్లా ఉన్నాయని ఒక్కనాడూ అడగని మనిషి వాడు. వాడి సరదా కోసం నీలాంటివాళ్లు చదవలేని వరసను నా చేతులతో నడిపించాల్సి వచ్చిందే అని ఎన్నిసార్లు ఏడ్చానో. పోయిన గురువారం ఎవరికీ చెప్పకుండా పీకేశాను. ఇప్పుడు పడవలు ఉన్నాయనో లేవనో ఒకే వరస, శుభ్రంగా, కదలకుండా ఉంటుంది. చూపు తక్కువవాళ్ల కోసం వెబ్‌సైట్లకు పెట్టిన నియమాల ప్రకారం నూటికి నూరు. శనివారం పడవెక్కి సంతకు పోయేముందు చూసే ఉంటావు. హాయిగా ఉంది కదూ?

నీ చెల్లెలు,
ఏవిస్

*

దీవి,
ఆదివారం

ఏవిస్ తల్లీ,

నీ ఉత్తరాన్ని భూతద్దం కింద మెల్లగా జరుపుకుంటూ రెండు పూటలు చదివాను. నీ పొగరు మాత్రం భూతద్దం లేకుండానే కనిపించింది.

ఆ శనివారం పేజీ చూశాను. చదవలేకపోయాను. నా కంటికి నట్టనడుమ మచ్చ ఉంది కదా. కదలని మాట మీద చూపు నిలిపితే ఆ మాట మచ్చలో మునిగిపోతుంది, ఎంత పెద్ద అక్షరమైనా సరే. అదే అక్షరాలు నడిచి వస్తే, తల పక్కకు తిప్పి కన్ను ఒకచోట నిలుపుతాను. ఇంకా చూపు మిగిలిన అంచుకి మాటలు వాటంతట అవే ఒక్కొక్కటిగా వస్తాయి. చలికాలమంతా అట్లాగే చదువుకున్నాను. యంత్రం ఉందిగా అనకు. ఉన్న చూపుతో చదవగలిగినన్నాళ్లు నాకు దాని గొంతు అక్కర్లేదు.

సరే, తర్వాత ఏం జరిగిందో విను. రేవు ఆఫీసుకు ఫోన్ చేద్దామంటే ఎత్తేది ఎల్డనే. అందుకని సంతలో అమ్మే ఎండబెట్టిన సముద్రపు నాచు సంచులు మోసుకుంటూ ఎదురుగాలిలో రేవుకు నడిచాను. పడవ కట్టేసి ఉంది. ఎల్డన్ ఆఫీసులోంచి బయటికొచ్చి, "ఏమే, పడవ లేదని పేజీలో పెట్టాంగా! చదవలేదా?" అని అందరూ వినేలా అరిచాడు.

"చదవలేకపోయాను" అన్నాను.

రేవులో అందరూ నా వైపు తిరిగారు. రొట్టెల కొట్టావిడ నా సంచులు లాక్కుని, "అయ్యో, నేను దింపుతాలేమ్మా, నా చెయ్యి పట్టుకో" అంది. ఇన్నాళ్లూ నేను దాచుకున్నది దీవికంతా తెలిసిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాననుకో.

ఎల్డన్ మొహం మాడిపోయింది. "చలికాలానికి ముందు బ్యాంకు బోర్డు మీద నడిచే ఎర్ర అక్షరాలను మెడ వాల్చి గడగడా చదివేశావుగా, నీ వెనకే ఉన్నాను. అందుకే కదా పెట్టించింది. ఆ పిల్ల ఎప్పుడు పీకేసిందో!" అని గొణిగాడు.

వాడు మారాడని నేననడం లేదు. అదే మొద్దు, అదే సకిలింపు. నా కళ్ల సంగతి ఇప్పటికీ నన్నడగలేదు. వాడు నన్ను చూసి చేశాడు, నువ్వు నియమాలు చూసి చేశావు. చెల్లెలివి, నువ్వైనా అడగొద్దూ?

నువ్వు చెప్పిన ఇబ్బందులు అబద్ధమని కాదు. తల తిరిగేవాళ్లకు ఆపే బొత్తాం పెట్టు. వేగం చదివేవాళ్ల చేతికియ్యి. యంత్రానికి ఒక్కసారే వినపడేట్టు చెయ్యి. ఎల్డన్ అడ్డొస్తే నోరు మూసుకోమన్నానని నా మాటగా చెప్పు. కానీ ఆ వరస మళ్లీ నడవాలి, శుక్రవారం సాయంత్రానికల్లా. నిన్నటి సంతకు వెళ్లనేలేదు. నాచంతా వంటింట్లో మగ్గుతోంది.

నువ్వు చెయ్యకపోతే శనివారం పొద్దున నేను ఎల్డన్‌కు ఫోన్ చేసి, పడవ ఉందా అని అడగాలి. వాణ్ణి ఇంట్లోంచి వెళ్లగొట్టిన నాటి నుంచి నేను వాణ్ణి ఏ ఒక్కటీ అడగలేదు. నాకు మేలు చేస్తున్నాననుకుంటూ ఆ పని నాచేత చేయించకు.

థెల్మా