పరుగుల ఏడు, కాపలా ఏడు

నాయినా,

ఊరంతా అడవిలోకి ఉరికినప్పుడు, ఎడ్లను విప్పుకొస్తానని నువ్వు ఊళ్లోకి తిరిగి వెళ్ళి, మళ్ళీ కనపడకుండా పోయిన సంవత్సరాన్ని మనవాళ్లు ఇప్పటికీ ‘పరుగుల ఏడు’ అనే అంటారు. మనింట్లో మొదట బడికి పోయిన నేనే ఇప్పుడు ఎర్రబోరు దగ్గర టీచర్‌ని. చరిత్రను అన్ని వైపుల నుంచీ ఎలా చెప్పాలో మాకు ఫోన్‌లో శిక్షణ ఇస్తున్నారు. మొన్న అందులో ఆ ఏడు గురించీ, నీ గురించీ చెప్పాను.

దోర్నపాల్ వైపు పెద్ద సారు ఒకాయన మైకు తెరిచాడు.

"మా దిక్కు దాన్ని కాపలా ఏడు అంటరు బేటీ. మా అన్న తుపాకి పట్టి ఊళ్ల కాపలాకు పోయి మళ్ళ రాలే."

ఆ కాపలావాళ్లు మన ఊరి మీద పడతారని భయపడే కదా మనం ఉరికింది.

"వాళ్ల మాట కూడా నేను పిల్లలకు చెప్పాల్నా సార్?" అన్నాను.

"నీ ఇష్టం. నేనైతే మీ నాయిన సంగతి మా పిల్లలకు చెప్త."

ఈరోజు బోర్డు మీద రెండు పేర్లూ రాశాను. ముందు కూర్చున్న పిల్ల చేయెత్తింది.

"దీదీ, ఇవి రెండేండ్లా, ఒక్క ఏడేనా?"

"ఒక్కటే" అన్నాను.

అప్పటి నుంచి ఒకటే ఆలోచన. నువ్వూ, ఆ సారు వాళ్ల అన్నా అడవి దారిలో ఎదురుపడ్డారా? ఎదురుపడితే, ముందు పలకరించింది ఎవరు నాయినా, ఏ భాషలో?