రైలు కట్ట కింద పరుపు

ఇల్ఫర్డ్,
14 సెప్టెంబరు 2003

పండూ,

అమ్మ దీవెనలు. నేనూ మీ డాడీ తింటున్నాం, తిరుగుతున్నాం, ఆ లెక్కన క్షేమమే. బెల్‌ఫాస్ట్‌లో అప్పుడే చలి మొదలైందని రాశావు. స్వెట్టర్ లోపల ఇంకొకటి వేసుకో. ఆసుపత్రిలో నీ డ్యూటీ రోటా మార్చారో లేదో రాయనే లేదు.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. డాడీ బీపీ మాత్రలు వేసుకుంటున్నాడు, కానీ నేను తెచ్చి చేతిలో పెడితేనే. మొన్న డాక్టరు దగ్గరికి పోయి పరీక్షకు రక్తం కూడా ఇచ్చి వచ్చాడు. గుడికి ఎందుకు పోవట్లేదని అడిగావు. పోబుద్ధి కావట్లేదు, అంతే. ఇక మధ్యాహ్నాలు నేను ఎక్కడికి పోయేదాన్నని డాడీయే నీతో అడిగించాడని నాకు తెలుసు. దానికే ఈ ఉత్తరం. ఫోన్‌లో అయితే నడుమ ఏడుపొచ్చి మాట సగంలో ఆగుతుంది. నా ఐదో తరగతి చదువుతో ఎంత రాయగలనో అంత రాస్తాను, తప్పులుంటే సర్దుకో.

జనవరిలో మీ తమ్ముడు అచ్యుత్ పోయిన పదకొండో రోజు నీకు గుర్తుండే ఉంటుంది. పోయినవాళ్ళు పండుకున్న పరుపు, తొడిగిన బట్టలు దినం లోపు గడప దాటాలి. ఊళ్ళో అయితే చాకలాయన తీసుకుపోయేవాడు. ఇక్కడ ఎవరికిస్తాం? చెత్త ఎత్తే కౌన్సిల్‌కు ఫోన్ చేస్తే మూడు వారాలకు వస్తామన్నారు. దినం మూడు వారాలు ఆగదు కదా. పాత సామాన్లు ఎత్తే వ్యాన్ ఒకటి వీధిలో పోతుంటే నేనే పిలిచి అప్పజెప్పాను. నువ్వూ డాడీ లోపల అయ్యగారి దగ్గర కూర్చున్నారు. ఎక్కడ వేస్తావని నేను వాణ్ణి అడగలేదు.

ఏప్రిల్‌లో ఒకరోజు మార్కెట్ నుంచి రైలు కట్ట వెంబడి వస్తుంటే కనిపించింది. కట్ట కింద పెద్ద చెత్త దిబ్బ. ఫ్రిజ్‌లు, టైర్లు, పగిలిన తలుపులు. వాటి నడుమ మన నీలం పరుపు. మూలన నేను వేసిన అతుకు నాకు తెలియదా? పక్కన నల్ల సంచుల్లో అచ్యుత్ బట్టలు. గడప దాటించినదాన్ని మళ్ళీ లోపలికి తేకూడదు. అక్కడ వదిలేసి రావడానికి కాళ్ళు రాలేదు. అప్పటి నుంచి రోజూ పోయి, బోర్లించిన పెయింట్ డబ్బా మీద కాసేపు కూర్చుని వచ్చేదాన్ని. వాన పడేలా ఉంటే పరుపు మీద ప్లాస్టిక్ కప్పేదాన్ని.

పదహారో నంబరు ఇంట్లో ఉండే వెంకటరమణమ్మ గారు మేలో ఒక కాగితం పట్టుకుని వచ్చారు. ఇలాంటి దిబ్బలు ఎత్తించడానికి సర్కారు కౌన్సిళ్ళకు డబ్బు ఇస్తోందట. అడిగేవాళ్ళు చాలామంది, దొరికేది కొందరికే. చుట్టుపక్కల వాళ్ళందరి సంతకాలు ఉంటే మన కౌన్సిల్ మాట గట్టిగా ఉంటుందట. ఆమె మాట నీకు తెలుసు కదా. "ఓటు అడిగితే తలుపు తీయనివాళ్ళు మీ సకినాలకు తీస్తారండీ. మీ వైపు ఇళ్ళు మీరు చూడండి" అని నవ్వి పోయారు.

ఇప్పటిదాకా నీకు చెప్పనిది రాస్తున్నాను బిడ్డా. ఆ కాగితం నేను బియ్యం డబ్బాలో దాచాను. ఒక్క ఇంటికీ పోలేదు. ఆమె అడిగిన ప్రతిసారీ, ఇళ్ళల్లో మనుషులు దొరకట్లేదని అబద్ధం చెప్పాను. సంతకాలు లేకపోతే డబ్బు రాదు, డబ్బు రాకపోతే పరుపు అక్కడే ఉంటుంది. నా బుద్ధి అంతవరకే పోయింది.

జూన్‌లో ఆమె మనవరాలు లాస్య, ఆరేళ్ళ పిల్ల, ఆ దిబ్బలోకి దిగింది. బూటు అడుగు చీల్చుకుని మేకు పాదంలో దిగింది. కాలు వాచి, జ్వరం వచ్చి నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. పండ్లు తీసుకుని చూడటానికి పోయాను. అక్కడికి ఎందుకు పోయావే తల్లీ అంటే ఇంగ్లీషులో చెప్పింది. నాకు అర్థమయ్యేలా మెల్లగానే చెప్పింది.

"నువ్వు రోజూ కూర్చుంటావు కదా ఆంటీ. నేనూ కూర్చుందామని."

ఆ పండ్లు ఏ బల్ల మీద పెట్టానో నాకు తెలియదు.

మర్నాడు కాగితం తీసుకుని వాళ్ళ వంటింట్లోకి పోయి మొత్తం చెప్పాను. ఆమె పొయ్యి మీది పాలు కలుపుతూ విన్నారు. "మా పిల్ల కాలు కంటే మీకు ఆ పరుపు ఎక్కువైందా?" అన్నారు. ఆమె పొయ్యి ఆర్పి చెప్పులు తొడుక్కున్నారు. కాగితం పంపే గడువు ఇంకా రెండు రోజులుంది. పదకొండు ఇళ్ళు ఇద్దరం తిరిగాం. తలుపు ఆమె తట్టారు, కలం నేనిచ్చాను. దారిలో నాతో ఒక్క మాట లేదు. ఇప్పుడు కూడా ఎదురుపడితే తల ఊపుతారు, అంతే. లాస్య మాత్రం నడుస్తోంది, కొంచెం కుంటుతూ.

ఆగస్టులో డబ్బు మంజూరైంది. పోయిన గురువారం లారీలు వచ్చాయి. ఎవరు పారేశారో తెలుసుకోవడానికి కౌన్సిల్ ఆమె ఒకరు సంచులు విప్పి కాగితాల మీద పేర్లు వెతుకుతోంది. అచ్యుత్ సంచి ఆమె విప్పక ముందే నేను దగ్గరికి పోయి, ఇది నా కొడుకుది, వ్యాన్ వాడికి ఇచ్చింది నేను అని వచ్చినంత ఇంగ్లీషులో చెప్పాను. నా పేరు రాసుకుంది. జుర్మానా పడుతుందో ఏమో. ఏమైనా తీసుకుంటావా అని అడిగింది. వద్దన్నాను. యంత్రం పరుపును పట్టి లేపితే నీళ్ళు కారాయి. అది లారీలో పడేదాకా అక్కడే నిలబడ్డాను.

ఆ సాయంత్రం డాడీకి చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "ఇన్ని నెలలు నువ్వొక్కదానివే పోయినవా? ఒక్కనాడన్న నన్ను తోల్కపోకపోయినవా" అన్నాడు. ఇవాళ పొద్దున ఒక్కడే పోయి వచ్చాడు. అక్కడ ఏమీ లేదు, మట్టి చదును చేసి ఉందట. బూట్లకంటిన మట్టి కడుక్కుని లోపలికి వచ్చాడు.

వాడి వస్తువులు లారీ ఎక్కించే ముందు నిన్ను కూడా అడగలేదు పండూ. వాడు నీకూ తమ్ముడే. కోపం వస్తే దాచుకోకుండా రాయి, నేను చదువుతాను. రాసే ముందు మాత్రం అన్నం వండుకుని కడుపునిండా తిను.

ఇట్లు,
నీకూ అచ్యుత్‌కూ అమ్మ,
పుష్పలీల