జగ్గయ్యపేట శనివారం, గ్రీనిచ్ శుక్రవారం

నందిగామ డిజిటల్ లావాదేవీల సహాయ కేంద్రం అధికారి శ్రీ ఉమాకాంతం గారి సముఖమునకు,

జగ్గయ్యపేట ఎండుమిర్చి టోకు వర్తకురాలు శ్రీమతి సత్యనారాయణమ్మ గారి తరఫున, ఆమె మనవరాలు, డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థిని లాస్య సమర్పించుకొను అర్జీ.

విషయం: మా నాయనమ్మ శనివారం చేసిన క్రిప్టో లావాదేవీని తమ కార్యాలయం శుక్రవారానికి నెట్టి, ఫిర్యాదును మూసివేయుట గురించి.

అయ్యా,

తమ కార్యాలయంలోని కృత్రిమ మేధ సహాయకుడిపై నాకు ఎట్టి ద్వేషమూ లేదని ముందుగా మనవి. "యంత్రం మనిషికి మేలే" అన్న పక్షాన వాదించి మా కళాశాలకు బహుమతి తెచ్చినదానను. కనుక ఈ అర్జీ యంత్రం మీద కాదు. యంత్రం చెప్పినది చివరిదాకా చదవని మనుషుల మీద.

1. మిరపకాయలను రంగును బట్టి ఏరే యంత్రం ఇప్పిస్తానన్న ఒక పెద్దమనిషిని నమ్మి, మా నాయనమ్మ ఈ సీజను పెట్టుబడిని క్రిప్టో నాణేలుగా మార్చి పంపారు. అది అందిన మరుక్షణం ఆ పెద్దమనిషి ఫోను మూగపోయింది. నాణేలు మాత్రం నేటికీ అతడి ఖాతాలోనే ఉన్నాయి. తమ కేంద్రం నుంచి ఒక్క ఉత్తరం అందితే ఖాతాను స్తంభింపజేస్తామని దానిని నడిపే సంస్థ చెబుతోంది. అతడు ముందుగా మేల్కొని నాణేలను వేరేచోటికి తరలిస్తే ఆ ఉత్తరంతో పొట్లాలు కట్టుకోవడం తప్ప మాకు మరో ఉపయోగం ఉండదు.

2. తమ సహాయకుడికి ఈమధ్య ఒక కొత్త పరికరాన్ని జతచేశారు. లావాదేవీ సంఖ్య చెబితే చాలు, ఎవరు, ఎవరికి, ఎంత, ఎప్పుడు పంపారో అందరూ చూడగల క్రిప్టో లావాదేవీల చిట్టాలోంచి అది వెదికి తెచ్చి సహాయకుడికి అందిస్తుంది. మా విషయంలోనూ తెచ్చింది. పంపినవారు సరిపోయారు, పుచ్చుకున్నవాడు సరిపోయాడు, మొత్తం సరిపోయింది. తేదీ దగ్గర శుక్రవారం రాత్రి పదకొండు దాటిందని వచ్చింది. మా నాయనమ్మ వాంగ్మూలంలో శనివారమని ఉంది. "పేర్కొన్న రోజున లావాదేవీ లేదు" అని ఫిర్యాదు మూసేశారు.

3. ముక్త్యాల సిమెంటు లారీల వెనకాల దుమ్ము మింగుతూ మేము నందిగామ వచ్చి తమను కలిసినప్పుడు జరిగిన సంభాషణను యథాతథంగా పొందుపరుస్తున్నాను.

"మామ్మగారూ, మిషన్ శుక్రవారం అంటోందండీ. మిషన్ అబద్ధం ఆడదు కదండీ."

"అయితే నేనాడానా బాబూ? శుక్రవారం మా ఇంట్లోంచి పక్కింటికి చేబదులు పంచదార కూడా వెళ్లదు. అలాంటిది లక్ష్మిని గడప దాటిస్తానా? ఫోన్లో శనివారం వచ్చిందాకా ఆగి మరీ పంపా."

"పెద్దవారు, మర్చిపోయుంటారండీ."

"బాకీ ఉన్నవాళ్ల పేర్లు చదవమంటావా? మీ బావమరిదితో మొదలెడతా."

ఆ తరువాత తమరు భోజనానికి లేచారు.

4. అయ్యా, తమ సహాయకుడి తెర మీద గంట పక్కనే 'యూటీసీ' అని మూడు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అవి అలంకారార్థం వేసినవి కావు. అది గ్రీనిచ్ కాలమానం, మనకంటే ఐదున్నర గంటలు వెనక. అక్కడ శుక్రవారం రాత్రి పదకొండు దాటినప్పుడు జగ్గయ్యపేటలో శనివారం తెల్లవారుజాము నాలుగున్నర దాటుతుంది. పరికరం నిజమే చెప్పింది. ఆ నిజాన్ని మన గడియారంలోకి మార్చుకోవలసిన బాధ్యత సహాయకుడిదో తమదో తేల్చుకోండి. మా నాయనమ్మది మాత్రం కాదు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లకు ఒక మిర్చి వర్తకురాలు గ్రీనిచ్‌కు సంజాయిషీ చెప్పుకోవలసి రావడం చరిత్ర విద్యార్థినిగా నన్ను బాధిస్తోంది.

కావున ఫిర్యాదును తిరిగి తెరిచి, ఆ ఉత్తరాన్ని వెంటనే పంపించి, శుక్రవారం డబ్బు బయటికి పంపిన ఇల్లాలన్న మచ్చను మా నాయనమ్మ పేరు మీద నుంచి తొలగించ ప్రార్థన. చిత్తగించండి. చిత్తగించే ముందు గోడ గడియారం వైపు కూడా ఒకసారి చూడండి.

తమ విధేయురాలు (ఈ ఒక్క విషయంలో తప్ప),
లాస్య

తా.క.: అర్జీ పూర్తిచేసి నాయనమ్మకు చదివి వినిపించాను. నాలుగో అంశం దాకా తల ఊపుతూ విన్నది. అక్కడ ఆపమంది.

"నాలుగున్నరకా? అప్పటికి తెల్లారిందటే?"

"లేదు నాయనమ్మా. కానీ శనివారం వచ్చేసింది కదా."

"సూర్యుడు రాకుండా శనివారం ఎలా వస్తుందే! పొద్దు పొడిచిందాకా శుక్రవారమే. ఫోను చెప్పిందని నమ్మా చూడు, నాకు బుద్ధి లేదు. అందుకే పోయింది డబ్బు. ఆ మిషన్ ఎవరిదోగానీ పంచాంగం తెలిసినట్టుంది."

చాలాసేపు వాదించాను. బహుమతులు తెచ్చిన వాదనలన్నీ వాడాను. ఓడిపోయాను.

కాబట్టి అయ్యా, ఆమె వాంగ్మూలంలో శనివారం కొట్టేసి శుక్రవారం అని దిద్దించమంటోంది. అప్పుడు తమ తెరతో అన్నీ సరిపోతాయి, ఫిర్యాదు మూసి ఉంచడానికి కారణమే ఉండదు. పై నాలుగో అంశాన్ని, స్వాతంత్ర్యంతో సహా, ఉపసంహరించుకుంటున్నాను. ఉత్తరం మాత్రం ఈరోజే పంపండి.

డబ్బు తిరిగొచ్చే రోజు శుక్రవారమైనా ఫర్వాలేదట. లోపలికి రావడానికి లక్ష్మికి ఏ వారమూ అడ్డం లేదని చెప్పమంది.