గోడగడియారంలో దాచిన చుక్కలు

ఏమండీ,

నన్ను లోపలికి రానివ్వడం లేదు కాబట్టి నర్సు చేతికి ఈ కాగితం ఇస్తున్నాను. ఎదురుగా ఉంటే నోటితోనే తిట్టేదాన్ని.

పొద్దున షాపు తెరిస్తే, పాడైపోయిన గోడగడియారం లోపల కంటి చుక్కల సీసా దొరికింది. తీసుకెళ్లి మీ గుండె డాక్టరు ముందు పెట్టాను. నీటికాసుల జబ్బుకట. కళ్లు బాగాలేవని తెలిస్తే ఎవరూ వాచీలు రిపేరుకివ్వరనేగా దాచారు? సరే. కట్టుకున్నదాని దగ్గర కూడానా?

గుండె చూపించుకోడానికి వెళ్లిన రోజు ఆయన "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే, పక్కన నేనున్నానని "ఏమీ లేవండి" అన్నారు. ఆయనేమో గుండె వేగం తగ్గించే మాత్ర రాశారు. కంట్లో వేసిన చుక్క కూడా రక్తంలోకి దిగి అదే పని చేస్తుందట. రెండూ కలిసి మిమ్మల్ని షాపు బల్ల మీదే కూలదోశాయి. ఊళ్లో వాళ్ల గడియారాలన్నీ నడిపించే మనిషి తన గుండె ఆపుకోబోయాడు.

గుండె డాక్టరే కంటి డాక్టరుతో మాట్లాడి చుక్కలు మార్పిస్తానన్నారు. ఇంటికొచ్చాక అవి నేనే వేస్తాను. తల వెనక్కి వాల్చి, నోరు మూసుకుని కూర్చోండి. నోరు మూసుకోవడం మీకు కొత్తేం కాదుగా.

మీ ఇంటావిడ