ఇంచి టేపుకు అందని మెట్లు

మదనపల్లె,
12-11-2006

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా అపార్టుమెంటు మెట్లు కొలిపించి, మా అమ్మను కిందికి దింపే దారి ఇప్పించుట గురించి.

నేను దర్జీని. బడికి పోలేదు, కొలతలు రాస్తూనే అక్షరాలు నేర్చుకున్నాను. కాపురమున్న ప్రతి ఇంటినీ టేపుతో కొలిచి రోజు పుస్తకంలో రాసుకున్నాను.

1. 1991, పుంగనూరు, బాడుగ మిద్దె: వసారా ఒక్కటే ఇరవై రెండడుగుల పొడవు. తొమ్మిదిమందిమి కాళ్లు చాపుకొని పడుకున్నాము. 1998, కుప్పం: రెండు గదులు, ఆరుగురము; కాళ్లు ముడుచుకున్నాము. 2004, మదనపల్లె, సొంత ఫ్లాటు, మూడో అంతస్తు: కాగితంలో తొమ్మిది వందల చదరపు అడుగులు, నా టేపులో ఆరు వందల పన్నెండు. ఉన్నది నలుగురము. ఒకరు గోడకు ఆనుకుంటే గాని ఇంకొకరు నడవలేరు. తక్కిన అడుగులు ఎక్కడున్నవని బిల్డర్ దేవరాజులును అడిగాను.

"మెట్లు, నడవ, గేటు, అన్నిట్లో నీ పాలు ఉండాది గదప్పా! యాల గొడవ?" అన్నాడు.

రెండు మీటర్ల గుడ్డ తీసుకొని ఒకటిన్నరకే చొక్కా కుట్టి, తక్కినది నా అంగడి బల్ల మీద ఊరందరికీ ఉమ్మడిగా ఉన్నదని నేను చెబితే, ఇంటికి నడిచి పోగలనా?

2. నా పాలు కలిసిన ఆ మెట్ల వెడల్పు రెండడుగుల ఏడంగుళాలు. మంజూరైన ప్లానులో నాలుగడుగులు, అదీ ఈశాన్య మూలలో. ఆ మూలలో ఇప్పుడు దేవరాజులు సిమెంటు మూటలు కాపురమున్నవి. మాకంటే విశాలంగా ఉన్నవి. లిఫ్టు లేదు.

3. మా అమ్మ వెంకటలక్ష్మమ్మకు ఆగస్టులో తుంటి ఎముక విరిగినది. ఆసుపత్రి నుంచి తెచ్చిన రోజు స్ట్రెచర్ మలుపు తిరగనందున ఆమెను కుర్చీకి చీరతో కట్టి పైకి మోశాము. మలుపులో కుర్చీ ఇరుక్కొని ఆమె మోచేయి చీరుకుపోయింది. ఈ నెల 20వ తేదీన మళ్లీ ఆసుపత్రికి తీసుకురాకుంటే ఇక నడవలేదని డాక్టరు చెప్పాడు. ఆమె ఒప్పుకోదు.

"నన్నేమన్నా బీరువా అనుకొంటివేంరా? ఇంగ నేను దిగేది ఒక్కసారే. అప్పుడు నాకు నొప్పి తెల్దులే" అంటుంది.

4. ప్లాను ఎవరు మార్చారని అడిగితే దేవరాజులు నవ్వుతాడు. ఆ నవ్వుకు నా దగ్గర టేపు లేదు.

కనుక తమరు ఈ కొలతలు చిత్తగించి, 20వ తేదీలోగా మలుపుల్లోని పిట్టగోడలైనా కొట్టించి, ఒక మనిషి పడుకొని దిగేంత దారి ఇప్పించవలెను.

తమ విధేయుడు,
ఆదెప్ప, దర్జీ,
ఫ్లాటు నం. 9

తా.క.: ఆ నవ్వు సంగతి దాచి అర్జీ పెట్టడం సరికాదు. ఈశాన్యంలో మెట్లుంటే ఇంటి పెద్దకు కీడని వాస్తు సిద్ధాంతి చెప్పగా, కట్టకముందే తొమ్మిది ఫ్లాట్ల వాళ్లమూ మెట్లు నైరుతికి జరపమని దేవరాజులుకు కాగితం రాసిచ్చాము. నైరుతిలో ఉన్న చోటు అంతే. కాగితంలో మొదటి సంతకం నాది. మా ఇంటి పెద్ద మా అమ్మ.